పాత క్యామ్రీలో ఆరు బటన్లు: ఊరి రాక్ రేడియో ఏమైపోయింది?

కోనసీమ_బోస్టన్
ఈ నెలాఖరుకి మా 2004 క్యామ్రీని వదిలించుకోవాలి. నిన్న డిక్కీ, డ్యాష్‌బోర్డు ఖాళీ చేస్తూ ఊరికే రేడియో పెట్టాను. ఆరు ప్రీసెట్ బటన్లూ కారు కొన్నప్పుడు పెట్టుకున్నవే. 1 నొక్కితే 104.1, అంటే బోస్టన్ రాక్ స్టేషన్ బీసీఎన్. 2009 ఆగస్టులో పోయింది, ఇప్పుడక్కడ పాప్ పాటలు. 2 నొక్కితే 101.7, ఎఫ్ఎన్ఎక్స్. 2012లో పోయింది, ఇప్పుడు కంట్రీ పాటలు. 3 నొక్కితే 107.3, ఏఏఎఫ్. 2020 ఫిబ్రవరిలో పోయింది, ఇప్పుడు క్రైస్తవ భక్తి గీతాలు, అవి కూడా బోస్టన్ కోసం వేసేవి కావు, దేశమంతా ఒకటే ప్రసారం. నాలుగోది 100.7, క్లాసిక్ రాక్, అదొక్కటే బతికుంది. మిగతా రెండూ వార్తలు. ఒక్కో స్టేషన్ పోయినప్పుడు నాకు తెలుసు, అయినా బటన్ మార్చబుద్ధి కాలేదు.

2001 జనవరిలో చదువుకోడానికి ఇక్కడికి వచ్చినప్పుడు నాకు రాక్ అంటే ఏమీ తెలియదు. రూమ్మేట్ గడియారం రేడియోలో బీసీఎన్ పెట్టి పడుకునేవాడు. ఆ డీజేల మాటల్లోనే ఊర్ల పేర్లు పలకడం నేర్చుకున్నాను (వుస్టర్ అని పలకాలని ఎవరూ చెప్పలేదు, రేడియో చెప్పింది). పేట్రియట్స్ మ్యాచులు కూడా ఆ స్టేషన్లోనే వచ్చేవి, అమెరికన్ ఫుట్‌బాల్ నాకు కంటితో కాదు, చెవితో పరిచయం.

మీ ఊళ్ళో రాక్ స్టేషన్ ఏమైనా మిగిలిందా? ఎవరైనా ఇంకా వింటున్నారా? అసలు ఎవరి వల్ల పోయాయి ఇవన్నీ?

స్పాటిఫై_సుబ్బు
పాటలు ఎక్కడికీ పోలేదు కదన్నా. అన్నీ ఫోన్లో ఉన్నాయి, యాడ్స్ లేకుండా. గంటకి పన్నెండు నిమిషాలు మ్యాట్రెస్ల గురించి, లాయర్ల గురించి వినే ఓపిక మా వయసువాళ్ళకి లేదు.

హ్యూస్టన్_హరిదాసు
మాకు ఇంకా ముందే పోయింది. 101.1 కేఎల్ఓఎల్, 1970 నుంచి రాక్ వేసిన స్టేషన్. 2004 నవంబర్లో ఒక రోజు ఆఫీసుకి వెళ్తూ పెడితే స్పానిష్ పాటలు. ముందు నా రేడియో పాడైందనుకున్నాను. అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కోపంలో సగం తప్పే అనిపిస్తుంది. హ్యూస్టన్‌లో స్పానిష్ మాట్లాడే కుటుంబాలు అంతగా పెరిగినప్పుడు వాళ్ళకీ ఒక పెద్ద స్టేషన్ కావాలి కదా. ఊరు మారింది, రేడియో మారింది. ఆ ఊరిని మార్చినవాళ్ళలో మనమూ ఉన్నాం.

కోనసీమ_బోస్టన్
హరిదాసు గారూ, మీ మాట ఒప్పుకుంటాను. కానీ మా దగ్గర ఊరు మారినందుకు పోలేదు. స్పోర్ట్స్ టాక్ స్టేషన్ పెట్టడానికి 98.5 కావాల్సి వచ్చింది, అక్కడున్న పాప్ స్టేషన్‌ని 104.1కి జరిపారు, 104.1లో ఉన్న బీసీఎన్ పోయింది. ఇంట్లో ఒకళ్ళకి గది కావాలని ఇంకొకళ్ళ మంచం వీధిలో పెట్టినట్టు. 1968 నుంచి ఉన్న స్టేషన్ అది. అంతకు ముందు అది శాస్త్రీయ సంగీతం స్టేషన్. రాక్ వాళ్ళు మొదట రాత్రిపూట మాత్రమే చేరి, మెల్లిగా రోజంతా ఆక్రమించారట. అంటే బీసీఎన్ కూడా ఇంకొకళ్ళ మంచం మీదే పుట్టింది, అది కూడా చెప్పాలి.

ట్రాన్స్‌మిటర్
ఎవరి వల్ల పోయాయి అని అడిగారు కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను. రేడియో స్టేషన్లకి సాఫ్ట్‌వేర్ చేసే చోట ఆరేళ్ళు పనిచేశాను, ఈ పతనం దగ్గర నుంచి చూశాను.

1996 దాకా ఒక సంస్థ దేశం మొత్తం మీద 40 స్టేషన్లకి మించి ఉంచుకోకూడదు. ఆ ఏడాది వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆ హద్దు తీసేసింది, ఒక్క పెద్ద నగరంలోనే 8 దాకా ఉంచుకోవచ్చంది. క్లియర్ చానల్ అనే సంస్థ కొన్నేళ్ళలోనే 1,200 స్టేషన్ల దాకా కొనేసింది. అప్పు కూడా బాగా చేసింది. అప్పుకి వడ్డీ కట్టాలంటే ఖర్చు తగ్గించాలి, రేడియోలో ఖర్చంటే మనుషులే. ఆ సంస్థే పేరు మార్చుకుని ఐహార్ట్‌మీడియా అయింది, దాదాపు 2,000 కోట్ల డాలర్ల అప్పుతో 2018 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. ఇంకో రెండు పెద్ద రేడియో సంస్థలు కూడా అంతే: క్యుములస్ 2017 నవంబర్లో, ఆడసీ 2024 జనవరిలో. మూడూ ఇంకా నడుస్తున్నాయి, కానీ ప్రతిసారీ ముందు పోయింది డీజేలే.

మేము చేసిన సాఫ్ట్‌వేర్ పని ఏంటంటే వాయిస్ ట్రాకింగ్. ఏ పాట తర్వాత ఏ పాటో లాగ్ ముందే తయారై ఉంటుంది. డీజే ఆ పాటల చివర, మొదలు మాత్రం విని మధ్యలో మాట్లాడేది రికార్డు చేస్తాడు. నాలుగు గంటల షో అరగంటలో అయిపోతుంది. ఒకే మనిషి పొద్దున ఒక ఊరికి, మధ్యాహ్నం ఇంకో మూడు ఊళ్ళకి మాట్లాడతాడు. ఆ ఊళ్ళు చూసి కూడా ఉండడు. మొదటిసారి చూసినప్పుడు ఎంత బాగా పనిచేస్తోందో అనుకున్నాను. రెండో ఏడాది అదే స్టేషన్‌కి వెళ్తే స్టూడియోలో లైట్లు ఆపేసి ఉన్నాయి, లోపల కంప్యూటర్ ఒక్కటే పాటలు వేస్తోంది. ఆ రోజు భోజనం సయించలేదు.

రాత్రి_డ్యూటీ
ట్రాన్స్‌మిటర్ గారు చెప్పింది నేను విన్నాను, అక్షరాలా. న్యూజెర్సీలో నర్సుని, రాత్రి షిఫ్ట్. ఒక జనవరిలో తెల్లవారుజామున డ్యూటీ దిగి బయటికొస్తే మంచు తుఫాను, ముందు కారు కనపడట్లేదు, చేతులు వణుకుతున్నాయి. రేడియో పెడితే ఒకతను హుషారుగా ఈరోజు రోడ్లన్నీ ఖాళీ, హాయిగా డ్రైవ్ చెయ్యండి అంటున్నాడు. ఎప్పుడో రికార్డు చేసిన ముక్క. ఆ స్టేషన్ పేరు వద్దులెండి. నాకు ఆ నిమిషంలో కావాల్సింది పాట కాదు, బయట మంచు పడుతోంది జాగ్రత్త అనే ఒక గొంతు. ఆ తర్వాత వారం బ్యాటరీతో నడిచే చిన్న వెదర్ రేడియో కొనుక్కున్నాను.

హ్యూస్టన్_హరిదాసు
అమ్మా, ఆ తర్వాత ఇంటికి క్షేమంగా చేరారా?

రాత్రి_డ్యూటీ
చేరాను అన్నయ్యా. ఇరవై నిమిషాల దారి గంటా నలభై పట్టింది. మా ఆయన పెసరట్టు వేసి పెట్టారు, దాంతో అన్నీ మర్చిపోయాను :)

బే_ఏరియా_బంటి
ఇదే విషయంలో నార్త్ డకోటాలో మైనాట్ అనే ఊరి కథ అందరూ చెప్తారు. 2002 జనవరిలో అర్ధరాత్రి దాటాక గూడ్సు రైలు పట్టాలు తప్పి అమ్మోనియా విషవాయువు ఊరి మీదికొచ్చింది. ఊళ్ళో ఉన్న ఆరు కమర్షియల్ స్టేషన్లూ క్లియర్ చానల్‌వే. పోలీసులు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. ఒకతను చనిపోయాడు, ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు.

ట్రాన్స్‌మిటర్
బంటీ, దాంట్లో రెండో వైపు కూడా ఉంది. స్టేషన్లో మనిషి ఉన్నాడనీ, పోలీసులు ఎమర్జెన్సీ అలర్ట్ పరికరం సరిగ్గా పెట్టుకోలేదనీ ఆ సంస్థ వాదించింది. ఆ పరికరం పనిచెయ్యలేదన్నది నిజం. కానీ ఆరు స్టేషన్లు ఆరుగురు చేతుల్లో ఉంటే ఎవరో ఒకరు ఫోన్ ఎత్తేవాళ్ళు, ఇది నా అభిప్రాయం.

స్పాటిఫై_సుబ్బు
సరే, మంచు తుఫాను మాట ఒప్పుకుంటున్నా. అక్కా, చదివితే నాకే భయమేసింది. కానీ సంగీతం సంగతి చెప్పండి. అప్పు వల్ల పోయింది, చట్టం వల్ల పోయింది అంటున్నారు. రాక్ రేడియో తనని తానే చంపుకుంది అని ఎందుకు అనరు? మా నాన్న కారులో ఆ క్లాసిక్ రాక్ స్టేషన్ పదేళ్ళు విన్నాను. అవే మూడొందల పాటలు. 1994 తర్వాత ప్రపంచంలో ఎవరూ గిటార్ ముట్టుకోలేదన్నట్టు ఉండేది.

ఓరుగల్లు_పిల్ల
సుబ్బు చెప్పింది నిజం, ఇంకోటి కలుపుతా. వరసగా రెండు ఆడగొంతులు వెయ్యొద్దు అని చాలా స్టేషన్లలో రాయని రూల్ ఉండేది. నేను ఆడ రాకర్ల కోసమే రాక్ వినడం మొదలుపెట్టినదాన్ని, నాకు ఎట్లా ఉంటది చెప్పండి?

మా షికాగోలో ద లూప్ అని 97.9 ఉండేది. 1979 జూలై 12న ఆ స్టేషన్ డీజే బేస్‌బాల్ గ్రౌండ్‌లో డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశాడు, జనం గ్రౌండ్‌లోకి దూకారు, ఆ రోజు రెండో మ్యాచ్ ఆడకుండానే సొంత జట్టు వైట్ సాక్స్ ఓడినట్టు ప్రకటించారు. ఆ డిస్కో ఎవరి సంగీతం? ఎక్కువగా నల్లజాతి వాళ్ళది, గే వాళ్ళది. దాన్ని పండగలా చెప్పుకునే రాక్ రేడియోని నేను ఊరికే మెచ్చుకోలేను. ఆ లూప్‌ని కూడా 2018 మార్చిలో మీ 107.3 కొన్న సంస్థే కొన్నది, అవే భక్తి పాటలు.

కానీ ఎక్స్‌ఆర్‌టీ వేరు. 93.1, 1972 నుంచి ఉంది, ఇప్పటికీ ఉంది. అక్కడ లిన్ బ్రెమర్ అని డీజే ఉండేవాడు. 2023 జనవరిలో క్యాన్సర్‌తో పోయాడు. ఆ వార్త నేను నేపర్‌విల్ నుంచి ఆఫీసుకి పోతూ విన్నా, కారు పక్కకి ఆపుకున్న. ఆ మనిషిని ఎన్నడూ కలవలేదు. కానీ మా పెద్దోడు పుట్టినరోజు పొద్దున ఆసుపత్రికి పోయేటప్పుడు కారులో ఆయన గొంతే, మా అమ్మ పోయినంక ఊరికి పోయి తిరిగొచ్చిన మొదటి సోమవారం కూడా ఆయన గొంతే. బతికి ఉండడమే గొప్ప అని రోజూ అనేవాడు. ఫోన్లో పాటల లిస్టు పోతే ఎవరైనా కారు ఆపుకుంటరా సుబ్బూ?

స్పాటిఫై_సుబ్బు
ఆపుకోరు అక్కా.

సిలోన్_శ్రోత
మీ రాక్ సంగీతం నాకు తెలియదు. మా అబ్బాయి దగ్గరికి ప్లేనో వచ్చి ఆరు నెలలైంది, ఈ చర్చ వాడే చూపించాడు. ఓరుగల్లు అమ్మాయి రాసింది చదివాక నేనూ రాయాలనిపించింది. మా తణుకులో రేడియో సిలోన్ తెలుగు పాటల కోసం ట్రాన్సిస్టర్ పట్టుకుని డాబా ఎక్కేవాళ్ళం. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినగానే అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చేది. ఆవిడ ఏ దేశంలో ఉందో మాకు పట్టలేదు, మా ఇంటి మనిషే. వివిధభారతి జనరంజనికి కార్డు రాసి, మా పేరు, ఊరి పేరు చదువుతారని నెలల తరబడి ఎదురుచూశాం. ఒకసారి చదివారు. మా వీధిలో పాట ఎవరూ వినలేదు, పేరు వచ్చిందని అరుచుకుంటూనే ఉన్నారు. నాకు ఆ రోజు అర్థమైన సంగతి ఇది: రేడియో మనల్ని పేరు పెట్టి పిలుస్తుంది.

కోనసీమ_బోస్టన్
బాబాయ్ గారూ, మాది ముమ్మిడివరం. మా నాన్న కార్డులు కూడా ఆ కట్టల్లోనే ఉండి ఉంటాయి.

ట్రాన్స్‌మిటర్
సుబ్బు అడిగిన మూడొందల పాటల సంగతి మిగిలిపోయింది. ఒకప్పుడు రేటింగ్ అంటే వినేవాళ్ళు డైరీలో రాసేవారు. 2007 నుంచి పెద్ద నగరాల్లో పేజర్ లాంటి చిన్న మీటర్ ఇచ్చారు, అది చెవికి వినపడని కోడ్ పట్టుకుని ఎవరు ఏ నిమిషంలో స్టేషన్ మార్చారో చెప్పేస్తుంది. డైరీలో జనం నచ్చిన స్టేషన్ పేరు రాసేవారు, మీటర్ నిజంగా చెవిన పడ్డదే రాసుకుంటుంది. దాంతో ప్రోగ్రామ్ డైరెక్టర్లకి కొత్త పాటంటే భయం పట్టుకుంది. తెలియని పాట వస్తే ఎవరో బటన్ నొక్కుతారు, అది మర్నాడు కాగితం మీద కనపడుతుంది. తెలిసిన పాటే వేస్తే ఉద్యోగం ఉంటుంది. అందుకే ఆ మూడొందలు.

బే_ఏరియా_బంటి
మా శాన్ ఫ్రాన్సిస్కోలో కేఫాగ్ అనే రాక్ స్టేషన్ అలాగే పోయింది, 2019 సెప్టెంబర్లో. రోజూ పొద్దున 10కి ఏదో ఒక సంవత్సరం తీసుకుని ఆ ఏడాది పాటలు పది వేసేవారు, ఆ ఏడాది వార్తలు, సినిమా డైలాగులు మధ్యలో కలిపి. నాకు అమెరికా చరిత్ర వచ్చింది అక్కడే, బళ్ళో కాదు. ఇక్కడి ఇంకో స్టేషన్ లైవ్ 105ని 2021లో పేరు మార్చి పాత పాటల స్టేషన్ చేశారు, 2023లో మళ్ళీ పాత పేరే పెట్టారు. అంటే ఎవరో అడిగారు, ఎవరో విన్నారు. పూర్తిగా ఆశ వదులుకోను.

ఇంకా మంచి మాట. సియాటిల్‌లో కేఈఎక్స్‌పీ అని లాభాపేక్ష లేని స్టేషన్ ఉంది, విరాళాలే పెద్ద ఆధారం. వాళ్ళు దివాలాలో అమ్మకానికొచ్చిన 92.7ని 37.5 లక్షల డాలర్లకి కొని 2024 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టారు. డీజేలు తమకి నచ్చిందే వేస్తారు. ఒక పాట తర్వాత ఏమొస్తుందో నాకు తెలియకపోవడం ఎన్నేళ్ళకో మళ్ళీ జరిగింది. మొన్న పార్కింగ్‌లో కారు ఆపి పాట పేరు చెప్పేదాకా కూర్చున్నాను, మా ఆవిడ ఫోన్ చేసి ఎక్కడున్నావంది.

హ్యూస్టన్_హరిదాసు
కానీ బంటీ, అది సియాటిల్ స్టేషనే కదా? ఊరి రేడియో అంటున్నాం, వేరే ఊరి నుంచి వస్తే ఆ భక్తి పాటల నెట్‌వర్క్‌కీ దీనికీ తేడా ఏంటి?

బే_ఏరియా_బంటి
మంచి ప్రశ్న. కొన్ని గంటలు ఇక్కడివాళ్ళే చేస్తున్నారు, ఇక్కడి బ్యాండ్లవే వేసే షో ఉంది. మిగతాది అక్కడి నుంచే. సగం ఊరి రేడియో అందాం. సున్నా కన్నా సగం నయం.

ట్రాన్స్‌మిటర్
ధరలు గమనించండి. బోస్టన్ ఎఫ్ఎన్ఎక్స్ 2012లో కోటీ 45 లక్షల డాలర్లకి పోయింది. ఏఏఎఫ్ ఎనిమిదేళ్ళ తర్వాత కోటీ ఏడున్నర లక్షలకి. బంటి చెప్పిన 92.7 ఇంకా తక్కువకి. సిగ్నల్ బలాలు వేరు, నేరుగా పోల్చకూడదు, అయినా దారి ఎటు పోతోందో తెలుస్తోంది. లైసెన్సు ధర పడిపోతే ఉన్నవాళ్ళకి నష్టం, లేనివాళ్ళకి అందుబాటు. అప్పు లేకుండా కొనుక్కున్న చిన్న సంస్థకి గంటకి పన్నెండు నిమిషాల యాడ్స్ వేసే అవసరం ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికాలో గాలిలో వెళ్ళే ప్రసారానికి స్టేషన్ పాట రాసినవాళ్ళకి డబ్బు కడుతుంది కానీ పాడినవాళ్ళకి, వాయించినవాళ్ళకి కట్టక్కర్లేదు. అదే పాట ఇంటర్నెట్‌లో పోతే ఇద్దరికీ కట్టాలి. వాళ్ళకి ఇవ్వాల్సిందే, నేను ఆ వైపే. కానీ వినేవాళ్ళు ఆన్‌లైన్‌కి వచ్చేకొద్దీ చిన్న స్టేషన్‌కి ఖర్చు పెరుగుతుంది.

జహీరాబాద్_జొన్నరొట్టె
మీరంతా కోట్ల డాలర్లు అంటున్నరు, మా దిక్కు చూడండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో, 2008 నుంచి నడుస్తోంది. నడిపేది దళిత ఆడవాళ్ళు, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగాల వాళ్ళు. విత్తనాల ముచ్చట, పాటలు, చేను పనులు, అన్నీ మా యాసలోనే. మా మేనత్త ఒకసారి అందులో బతుకమ్మ పాట పాడింది, ఊరంతా విన్నది. పట్నం స్టేషన్ల ఆమెతో ఎవరు పాడిస్తరు? రాక్ కాదు, కానీ మీరు వెతుకుతున్నది ఇదే కదా అనిపించి రాసిన.

ఓరుగల్లు_పిల్ల
ఇదే. నూటికి నూరు ఇదే. అమెరికాలో కూడా 100 వాట్ల చిన్న ఎఫ్ఎమ్ లైసెన్సులు ఉన్నాయి, 2011లో ఒబామా సంతకం పెట్టిన చట్టంతో నగరాల్లో కూడా వాటికి దారి దొరికింది. ఐదారు కిలోమీటర్లు వినపడుతది, అంతే. లాభం కోసం నడిపేవాళ్ళకి ఇవ్వరు.

స్పాటిఫై_సుబ్బు
ఐదారు కిలోమీటర్లకి ఎవరు వింటారు అని అడగబోయి ఆగాను. మా కాలేజీ బ్యాండ్ షోకి వచ్చేది నలభై మంది. ఐదు కిలోమీటర్లలో నలభై మంది దొరకరా?

కోనసీమ అన్నా, బోస్టన్‌లో కాలేజీ స్టేషన్లు చాలా ఉండాలి కదా? మీరు వాటిని బటన్లలో ఎందుకు పెట్టుకోలేదు?

కోనసీమ_బోస్టన్
ఇందాకటి నుంచి అదే ఆలోచిస్తున్నాను తమ్ముడూ. ఎమర్సన్ కాలేజీది 88.9, ఎంఐటీది 88.1, రెండూ నేను వచ్చినప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. కాలేజీది కాదు గానీ 92.5 ద రివర్ కూడా ఉంది. పెద్ద స్టేషన్ల మీద ప్రేమలో వీటిని పట్టించుకోలేదు. మీ ప్రశ్న చూశాక గరాజ్‌లోకి వెళ్ళి 88.1 పెట్టాను. గరగరలోంచి ఎవరో కుర్రాడు తడబడుతూ మాట్లాడుతున్నాడు, మధ్యలో పాట పేరు తప్పు చెప్పి సారీ అని దిద్దుకున్నాడు. ఎన్నాళ్ళైందో రేడియోలో ఎవరైనా తడబడగా విని.

ట్రాన్స్‌మిటర్
వాయిస్ ట్రాక్‌లో సారీ ఉండదు. మళ్ళీ రికార్డు చేస్తారు.

రాత్రి_డ్యూటీ
అన్నయ్యా, క్యామ్రీ ఎవరికిస్తున్నారు? అమ్మితే పెద్దగా రాదు. చాలా లాభాపేక్ష లేని రేడియో స్టేషన్లు పాత కార్లు విరాళంగా తీసుకుంటాయి, వాళ్ళే వచ్చి టో చేసుకుపోతారు, వేలం వేసిన డబ్బు స్టేషన్‌కి వెళ్తుంది. పన్నులో కూడా చూపించుకోవచ్చు. మా పాత కరోలా అలాగే ఇచ్చాం.

కోనసీమ_బోస్టన్
ఇది నాకు తట్టనే లేదమ్మా. మా ఆవిడ డీలర్‌తో మాట్లాడేసింది, కానీ ఇంకా సంతకం పెట్టలేదు. ఇప్పుడే లోపలికెళ్ళి అడిగాను. సరే అంది. కారు యాజమాన్య కాగితం, అదే టైటిల్, ఏ ఫైల్లో ఉందో వెతుకుతున్నాం.

ఓరుగల్లు_పిల్ల
ఇచ్చే ముందు ఆ ఆరు బటన్లు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

హ్యూస్టన్_హరిదాసు
ఫోటో కాదు, వీడియో. ఒక్కోటి నొక్కుతూ.

కోనసీమ_బోస్టన్
టైటిల్ దొరికింది. రేపు పొద్దున వెలుతురులో వీడియో తీస్తాను. 3వ బటన్ మాత్రం ఇప్పుడే 88.1కి మార్చాను, ఎవరు కొంటారో వాళ్ళకి ముందు అదే వినపడాలని.